గుర్రం వాసన

దసరా ముందు మా అమ్మాయి హైదరాబాదు నుంచి పంపిన పార్సిలు విప్పితే ఒక సీసా బయటపడింది. లోపల ఎర్రగా, మెత్తగా, పంచదార అద్దిన బిళ్ళలు. అరవై దాటినదానికి పిప్పరమెంట్లు పంపిందేమిటా అనుకుంటూ కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అశ్వగంధ గమ్మీలట. రోజుకి రెండు నమలాలట. సీసాకి అంటించిన కాగితం మీద ఆకుపచ్చ అక్షరాల్లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ‘అడాప్టోజెన్’. రెండోది ‘రసాయనాలు లేనిది’.

రెండో మాట దగ్గర నవ్వాగలేదు. ఆయుర్వేదంలో అశ్వగంధకున్న బిరుదే రసాయనం. చరక సంహితలో చికిత్సా స్థానం మొదలయ్యేది జ్వరంతోనో విరేచనాలతోనో కాదు, రసాయనంతో. మందుల్ని రెండు రకాలుగా విడదీశాడు చరకుడు: రోగిని బాగుచేసేవి, రోగం లేనివాడిలో సత్తువ నిలబెట్టేవి. ఈ రెండో రకంలో ముందు వరసది రసాయనం. ఆ మాట జనం నోళ్ళలో నలిగి నలిగి, బడికొచ్చేసరికి కెమిస్ట్రీ అయింది, పొలానికొచ్చేసరికి పురుగుమందయింది. ఇప్పుడు రసాయనాన్నే సీసాకెత్తి, ఇందులో రసాయనం లేదని రాసి అమ్ముతున్నారు. జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ముప్పయ్యేళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఇలాంటివి కనబడితే ఎర్ర సిరా పెన్ను కోసం చెయ్యి దానంతటదే తడుముకుంటుంది.

ఫోను చేశాను.

“ఇదెందుకే నాకు?”

“స్ట్రెస్‌కి అమ్మా. మా టీములో అందరం తింటున్నాం. నీకు నిద్ర కూడా బాగా పడుతుంది.”

అప్పటికి పగలు పదకొండున్నర. దాని గొంతు ఇంకా దుప్పటి కిందే ఉంది. ఆ పిల్ల పనిచేసేది అమెరికా గడియారం మీద. మనం దీపం పెట్టే వేళకి అది లాగిన్ అవుతుంది. మన కోడి కూసే వేళకి పక్కెక్కుతుంది. కంటినిండా కునుకు లేని పిల్ల, నాకు నిద్ర పట్టడానికి మందు పంపింది.

అశ్వగంధ అన్న పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. మా అమ్మకది పెన్నేరు గడ్డ. చీపురుపల్లి దగ్గర పల్లె మాది. మా తమ్ముడు చిన్నప్పుడు ఎండు చేపలా ఉండేవాడు. “గుంటడికి ఒంట్లో సత్తువ లేదు, పెన్నేరు పాలు తాగించాల” అని అమ్మ ఆ గడ్డని దంచి, వస్త్రగాళితం పట్టి, పాలల్లో కాచి, పటికబెల్లం వేసి తెచ్చేది. వాడు ముక్కు మూసుకుని వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. ఆ పరుగు చూసి, మందు అప్పుడే పనిచేస్తోందే అనేవాడు మా నాన్న.

వాడి తప్పేం లేదు. అశ్వగంధ అంటేనే గుర్రం వాసన. పచ్చి వేరు తవ్వి నలిపితే తడిసిన గుర్రం కంపు కొడుతుంది. ఈ పోలిక ఇప్పటి పిల్లలకి అందదు, వాళ్ళు గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూడలేదు, చూసినా దాని మీద చల్లిన సెంటు వాసనే తగిలి ఉంటుంది. నా వయసు విజయనగరం వాళ్ళకి అందుతుంది. రైల్వే స్టేషను ముందు వానలో నిలబడ్డ జట్కా గుర్రాల పక్కనుంచి నడిచి బడికి వెళ్ళినవాళ్ళం మేం. ఆ పేరుకి పెద్దలు ఇంకో అర్థం కూడా చెబుతారు: తిన్నవాడికి గుర్రమంత సత్తువ వస్తుందని. వాసన మాత్రం నేను సాక్ష్యం చెప్పగలను.

మొక్క చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. వంగ, టమాటా, మిరపల కుటుంబంలోది. నడుమెత్తు పెరుగుతుంది, ఆకుల మీద బూడిద రంగు నూగు, పచ్చని చిన్న పూలు. పండు మాత్రం ముచ్చటగా ఉంటుంది. పలచటి కాగితంతో చేసిన లాంతరులో ఎర్రటి పూస పెట్టినట్టు. నేను పిల్లల్ని పొలాల వెంట తిప్పేటప్పుడు ఆ లాంతరు చింపి చూపిస్తే, కొత్త సినిమా పోస్టరు చూసినంత సంబరపడేవారు. శాస్త్రీయ నామం రాయించాక అసలు పాఠం మొదలయ్యేది. విథానియా సోమ్నిఫెరా. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకి ‘సోమ్నిఫెరా’ అన్న పేరు తగిలించాడు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం నిద్ర తెచ్చేది. దాదాపు వందేళ్ళకి, 1852లో, డ్యూనాల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇంటిపేరు మార్చి దీన్ని విథానియాలో కలిపాడు గానీ సోమ్నిఫెరాని కదపలేదు.

సంస్కృతం దాన్ని గుర్రం అంది. లాటిన్ నిద్ర అంది. ఉన్నది ఒకటే వేరు. పరిగెత్తలేకపోతున్నవాడూ, పడుకోలేకపోతున్నవాడూ ఒకే కొట్టుకి వచ్చి ఒకే పొట్లం కట్టించుకుంటున్నారు. ఈ తమాషా నేను క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు. నాకు అప్పుడు అది తమాషాగానే ఉండేది.

ఇక సీసా మీది మొదటి మాట. అడాప్టోజెన్ అన్నది ఏ రుషీ పెట్టిన పేరు కాదు. 1947లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ లాజరెవ్ పెట్టింది. అంతకు పదకొండేళ్ళ ముందు, 1936లో, హాన్స్ సెల్యే ఎలకల మీద ఒక సంగతి గమనించాడు. వాటిని చలిలో పెట్టినా, గాయపరిచినా, అలిసిపోయేదాకా పరిగెత్తించినా, విషం ఎక్కించినా, లోపల జరిగేది ఒకటే: మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, రొమ్ములోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతోంది, కడుపులో పుళ్ళు పడుతున్నాయి. బాధ ఏదైనా ఒంటి గోల ఒకటే. ఈ గోలకే తరవాత స్ట్రెస్ అని పేరొచ్చింది. ఇప్పుడు మా వీధిలో కూరలమ్మే అమ్మాయి నోట కూడా వినబడుతోంది. బాధ ఏదైనా గోల ఒకటే అయితే, ఆ గోలని అణిచే మందు కూడా ఒకటే ఉండొచ్చు కదా అన్నది లాజరెవ్ ఆలోచన. జబ్బుని కాదు, తట్టుకునే శక్తిని పట్టుకోవాలని.

ఆయన శిష్యుడు బ్రెఖ్‌మన్ వ్లాదివస్తోక్‌లో కూర్చుని ఆ పని ముందుకు తీసుకుపోయాడు. జిన్‌సెంగ్ వేరు ఖరీదు ఎక్కువ, దొరకడం కష్టం. దాని చుట్టం ఒకటి, ఎలూథెరొకాకస్ అనే ముళ్ళ పొద, ఆ తూర్పు అడవుల్లో కావలసినంత ఉంది. 1969లో ఆయనా దార్దిమోవ్ అనే సహచరుడూ కలిసి రాసిన వ్యాసంతో ఈ సిద్ధాంతం ప్రపంచానికి తెలిసింది. ఏ మూలికనైనా ఈ పంక్తిలో కూర్చోబెట్టాలంటే మూడు లక్షణాలు ఉండాలి: ఒంటికి హాని చెయ్యకూడదు, ఏ ఒక్క రోగానికో కాక అన్నిరకాల బాధలకీ ఓర్పునివ్వాలి, ఒళ్ళు ఎటు ఒరిగితే అటునుంచి ఎత్తి మధ్యన నిలబెట్టాలి. మూడోది చదివినప్పుడు నాకు మా ఊరి కావడి మోసేవాళ్ళు గుర్తొచ్చారు. బరువు ఎటు వాలితే భుజం అటు సర్దుకుంటుంది.

యుద్ధంలో చితికిపోయిన దేశం సోవియట్ యూనియన్. మనుషులు తక్కువ, పని ఎక్కువ, చలి ఇంకా ఎక్కువ. ఆటగాళ్ళకీ నావికులకీ ఈ వేర్ల రసాలు పోసి చూశారు. మందు పుట్టింది రోగి మంచం పక్కన కాదు. ఆరోగ్యంగా ఉన్నవాడి చేత ఇంకాస్త ఎక్కువసేపు పని చేయించాల్సిన చోట. అది తప్పని అనను. కానీ ఎక్కడ పుట్టిందో తెలిస్తే సీసా మీది మాట కొంచెం వేరుగా వినబడుతుంది.

ఈ మందుల్ని పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది. ఎలకని నీళ్ళలో వదులుతారు. అలిసిపోయేదాకా ఎంతసేపు ఈదిందో గడియారం పెట్టి చూస్తారు. మందు తాగిన ఎలక తాగని ఎలక కంటే ఎక్కువసేపు ఈదితే మందు మంచిదన్నట్టు. మన అశ్వగంధకి కూడా ఈ ఈత పరీక్ష జరిగింది, నెగ్గింది. ఎలకని నీళ్ళలో ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది ఆ పరీక్షలో లెక్కకు రాదు. రాకూడదు కూడా, సైన్సు టీచరుగా ఒప్పుకుంటాను. ఒక్కసారి ఒక్క సంగతే తేల్చాలి. కానీ అమ్మగా ఆ పేరా దగ్గర కాసేపు ఆగిపోయాను. ‘మా టీములో అందరం తింటున్నాం’ అంది కదా.

గమ్మీల్లో పంచదార ఎక్కువ, పైగా పెన్నేరు వాసన లేని పెన్నేరు నాకు మింగుడు పడదు. అసలు గడ్డే కొందామని విజయనగరం గంటస్తంభం దగ్గర మూలికల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను సెల్లులో క్రికెట్టు చూస్తున్నాడు. గల్లాపెట్టె మీద డబ్బు కొట్టే క్యూఆర్ కాగితం, దాని పక్కన కరక్కాయల బుట్ట.

“ఇప్పుడిదే తెగ పోతంది మేడంగారూ. ఒకప్పుడు ముసిలోళ్ళు కొనీవోరు. ఇప్పుడు జిమ్ము కుర్రోళ్ళే. ఏటో మరి, కండ పెరుగుతాదంట.”

సరుకు ఎక్కడిదని అడిగాను. నీమచ్‌ది అన్నాడు. మధ్యప్రదేశ్‌లో ఉంది ఆ ఊరు, అశ్వగంధకి పెద్ద మండీ. మన రాయలసీమ మెట్టల్లోనూ పండిస్తారు గానీ ఇతని దగ్గర లేదు. గడ్డ విరిచి చూశాను. లోపల తెల్లగా పిండిలా ఉండాలి. రెండు పుచ్చువి తగిలాయి. తీసి పక్కన పెడితే అతను ఏమీ అనుకోకుండా మళ్ళీ బుట్టలోనే వేసుకున్నాడు.

జిమ్ము కుర్రాళ్ళని నేను ఏమీ అనలేను. బలం పిచ్చి ఈ ఊరికి కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడుగారు కసరత్తు నేర్చిన ఊరు. వీరఘట్టంలో పుట్టి, ఇక్కడ పెరిగి, ఇక్కడే డ్రిల్లు మాస్టారుగా చేసి, ఆ తరవాత సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. మా చిన్నప్పుడు ఆయన ఏం తినేవాడన్న దాని మీద అరుగుల మీద పెద్ద తగువులు నడిచేవి. బాదంపప్పు అని ఒకరు, గేదె పాలు అని ఒకరు, ఏదో కొండ వేరు అని ఒకరు. ఆయన శాకాహారి అన్నదీ, ప్రాణాయామం మీద ఆయనకి గట్టి గురి అన్నదీ ఆ తగువుల్లో ఎవరికీ రుచించేది కాదు. ఊపిరి పట్టడం, తెల్లారగట్ల లేవడం, ఏళ్ళ తరబడి దండీలు తియ్యడం. వీటిని పొట్లం కట్టి అమ్మడానికి వీలుకాదు మరి. వేరు అయితే కుదురుతుంది.

ఆ కరక్కాయల బుట్ట నన్ను ఇంకోవైపు లాక్కుపోయింది. చరకుడి రసాయన అధ్యాయంలో పెద్దపీట అశ్వగంధది కాదు, కరక్కాయదీ ఉసిరికాయదీ. తరవాత పిప్పళ్ళు. ఈ మూడూ మనకి కొండల మీదివే. సాలూరు, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సవరలూ జాతాపులూ ఏరి తెస్తే, 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ వాళ్ళు కొంటారు. సంతల్లో షావుకార్లూ కొంటారు. (2022లో జిల్లాని విడదీశాక ఆ కొండలు పార్వతీపురం మన్యం జిల్లాకి పోయాయి. కాగితాల మీద పోయాయంతే, మేడెక్కితే ఇంకా కనబడతాయి.) ఆ ఉసిరి గోనెల్లో వెళ్తుంది. ఎక్కడో చక్కెర పాకంలో పడి, చ్యవనప్రాశ అయి, సినిమా హీరో బొమ్మతో మళ్ళీ కురుపాం సంతకే వస్తుంది. ఏరిన మనిషి పిల్లాడికి దగ్గు వస్తే ఆ డబ్బా కొంటాడు.

అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, సీసాల వాళ్ళు ఎవరూ చెప్పరు. రసాయనం సేవించడానికి రెండు దారులన్నాడు చరకుడు. ఒకటి కుటీప్రావేశికం. గాలీ ఎండా సూటిగా తగలని గది లోపల గది కట్టించుకోవాలి. ముందు కరక్కాయలాంటి వాటితో కడుపు శుభ్రం చేసుకోవాలి. ఆ తరవాత అందులో చేరి, పనీపాటా వదిలి, పత్యం తింటూ మందు పుచ్చుకోవాలి. తీరికా, మనసు మీద అదుపూ, సేవకి మనుషులూ, చేతిలో డబ్బూ ఉన్నవాళ్ళకే అది అని ఆయనే చెప్పాడు. అవేవీ లేనివాళ్ళకి రెండోది, వాతాతపికం. గాలిలో ఎండలో తిరుగుతూ, పని చేసుకుంటూ పుచ్చుకునేది. మొదటిదే గొప్పది అని కూడా అన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి బాలింత గది కళ్ళకు కట్టింది. నా పురిటికి అమ్మ నన్ను పల్లెకి తీసుకెళ్ళింది. చీకటి గది, చెవుల్లో దూది, తలకి గుడ్డ, సాంబ్రాణి పొగ. అన్నంలో మొదటి ముద్ద కాయం. సొంటి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము వేయించి దంచి, బెల్లం, నెయ్యి వేసి ముద్ద కట్టిన కాయం. నాలిక మండి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. మోడి అంటే పిప్పలి వేరే. పాడేరు వైపు కొండల్లో దాన్ని వేరు కోసమే వేస్తారు. “తినీ, నోర్మూసుకుని తొంగో” అనేది అమ్మ. తినడం ఎంతసేపు, తొంగోవడమే రోజంతా. చన్నీళ్ళు ముట్టకూడదు, చీపురు పట్టకూడదు, చదవకూడదు కూడా. జీవశాస్త్రం చదివిన నాకు ఆ చీకటి గది మీద అప్పట్లో ఒళ్ళు మండేది. పసిదానికి వెలుతురు కావాలనీ, గాలి కావాలనీ అమ్మతో దెబ్బలాడాను. ఆ మాట ఇప్పుడూ అంటాను. కానీ అది మంత్రసానులు వాడుకలోకి దింపిన కుటీప్రావేశికమే అని ఇన్నేళ్ళకి తట్టింది. కాయంలో ఎంత బలం ఉందో నేను తూచలేను. నలభై రోజులు నన్నెవరూ లేపలేదు, అది తూచగలను.

ఆ మాట రాశాక ఇంకోటి రాయకపోతే అబద్ధమవుతుంది. మా కళ్ళంలో పనిచేసే ఒకామె నాతోపాటే కన్నది. పన్నెండో రోజుకి ఊడుపుల్లో ఉంది. కాయం ఆమెకి కూడా అమ్మ పంపింది, అరిటాకులో చుట్టి. గది మాత్రం పంపలేకపోయింది. పాత రోజుల్లో ఆడవాళ్ళకి ఎంత విశ్రాంతో అని ఎవరైనా మురిసిపోతుంటే నాకు ఆ అరిటాకు పొట్లం గుర్తొస్తుంది. ఆమెది వాతాతపికం.

చరకుడు అక్కడితో ఆగలేదు. అసలు మూలికే లేని రసాయనం ఒకటి చెప్పాడు, ఆచార రసాయనం. నిజం చెప్పడం, కోపం తెచ్చుకోకపోవడం, ఒంటికి మించి శ్రమ పడకపోవడం, మెలకువా నిద్రా సమంగా ఉండటం, పాలూ నెయ్యీ తినడం, పెద్దల్ని గౌరవించడం. ఇలా ఉన్నవాడు రసాయనం పుచ్చుకున్నట్టే అన్నాడు. ఈ జాబితా చదివి మా అమ్మాయికి వినిపించాను. “అమ్మా, ఇందులో మా ఆఫీసులో కుదిరేది నెయ్యి ఒక్కటే” అంది.

కరోనా వచ్చిన 2020 వేసవిలో మా వీధి చివరి వేపచెట్టు మీది తిప్పతీగని జనం మూడు వారాల్లో బోడి చేశారు. అంతకు ముందు దాన్ని పట్టించుకున్నవాడు లేడు. కషాయం కాయని ఇల్లు లేదు. తులసి, సొంటి, మిరియాలు, దాల్చినచెక్కతో పాటు తిప్పతీగ. నేనూ కాశాను. భయం వేసినప్పుడు చేతికి ఏదో ఒక పని కావాలి. ఆ ఏడాది చివరి నెలల్లో బొంబాయి డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు చూసి, మరుసటేడు పత్రికకెక్కించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు; వాళ్ళు తిన్నది తిప్పతీగని పోలిన వేరే తీగేమో అంది. ఎవరిది నిజమైనా, తీగకి తీగకి తేడా తెలియకుండా ఊరంతా తాగిందన్నది మాత్రం నిజం. మా వీధిలో నాతో సహా ఎవరూ ఆకు తిరగేసి చూడలేదు. ఆ తీగ మాత్రం మళ్ళీ వచ్చింది. మొదలు నరికేసినా తిప్పతీగ చావదు. పైన వేలాడే ముక్క దారాల్లాంటి వేళ్ళు గాలిలోకి వదిలి, నేల తగిలేదాకా దింపుతుంది. దాన్ని అమృత అని ఊరికే అనలేదు.

అశ్వగంధ గురించి సైన్సు ఏమంటోంది? ప్రపంచమంతా చూపించే పరీక్షల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2012లో అచ్చయింది. ఒత్తిడితో బాధపడే 64 మందిని తీసుకుని, సగం మందికి వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు, సగం మందికి మందు లేని ఉత్తి గొట్టం మాత్రలు, 60 రోజులు ఇచ్చారు. మందు తిన్నవాళ్ళకి ఒత్తిడి తగ్గింది, నెత్తురులో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. తరవాత వచ్చిన చిన్నచిన్న పరీక్షల్లోనూ ఒత్తిడి కొంత తగ్గినట్టు, నిద్ర కొంత మెరుగైనట్టు కనబడింది. మంచి కబురే. కానీ 64 మంది అంటే మా వైపు పెళ్ళిలో మొదటి బంతి. ఆ బంతి చూసి ఊరందరికీ వంట సరిపోయిందని చెప్పలేం. రెండు నెలలు తింటే ఏమవుతుందో కొంత తెలిసింది. రెండేళ్ళు తింటే ఏమవుతుందో ఆ పరీక్షలు చెప్పవు. యూరప్ మందుల సంస్థ 2008లోనే అడాప్టోజెన్ అన్న మాట శాస్త్రంలో ఇంకా కుదురుకోలేదని తేల్చింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధని ఏకంగా నిషేధించింది. హార్మోన్ల మీద దాని ప్రభావానికి, గర్భం పోతుందేమోనన్న అనుమానానికి భయపడి. అక్కడక్కడ కామెర్లు వచ్చిన కేసులు కూడా నమోదయ్యాయి. అంటే ఇది ఉత్తి బూడిద కాదు. పనిచేసే వస్తువు. పనిచేసే వస్తువు ఎక్కడ పనిచెయ్యమంటే అక్కడే చేసి ఊరుకోదు.

నాకు మాత్రం గుర్రమే వచ్చింది. దసరా నుంచి రోజూ రాత్రి చెంచాడు పెన్నేరు పొడి పాలల్లో కలుపుకుని తాగాను. మొదటి రెండు వారాలూ నిద్ర బాగానే పట్టింది, లిన్నేయస్ మహానుభావుడు అనుకున్నాను. కార్తీకం వచ్చేసరికి గుండె దడ. కూర్చుంటే దడ, పడుకుంటే దడ. అయ్యకోనేరు గట్టు మీద నడుస్తుంటే లోపల ఎవరో జట్కా తోలుతున్నట్టుండేది. చేతులు వణికి ముగ్గు వంకరపోయింది. నాకు పదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర ఉంది. డాక్టరుగారు నెత్తురు పరీక్ష చేయించి, టీఎస్‌హెచ్ బాగా పడిపోయింది, మాత్ర మోతాదు ఎక్కువైనట్టుందే అన్నారు. కొత్తగా మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. లేదండీ అన్నాను.

అబద్ధమాడాలని కాదు. పెన్నేరు నా లెక్కలో మందు కాదు మరి, మా అమ్మ పాలు. మాత్ర మోతాదు తగ్గించి పంపారు. ఇంటికొచ్చి రాత్రి మళ్ళీ పొడి కలుపుతుంటే చెంచా చేతిలోనే ఆగింది. థైరాయిడ్ హార్మోన్లని అశ్వగంధ పెంచవచ్చని నేను చదివాను. ఈ వ్యాసం కోసం రాసుకున్న కాగితాల్లోనే ఉంది, గీత కూడా గీశాను. పిల్లల జవాబు పత్రంలో అయితే అక్కడ సున్నా చుట్టేదాన్ని. మర్నాడు పొట్లంతో సహా వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. మీకంటే ముందు ఈ వారంలో ఇద్దరొచ్చారమ్మా అన్నారు. పొడి మానేశాను, కొన్ని వారాలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకెలు దారికొచ్చాయి.

సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. భోగి ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని మంచమెక్కితే, వీధిలో భోగిమంట వేసి, పిల్లలు డప్పులు కొట్టి, మంట చల్లారి, బూడిదయ్యాక లేచింది. నేను లేపలేదు. పక్కింటామె వచ్చి “ఇంకా లెగనేదా మీ గుంట?” అంటే కాయం తిందమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. ఆశ్చర్యంగా చూసి వెళ్ళిపోయింది.

కనుమ నాడు గారెలు తింటూ నా దడ కథంతా చెప్పాను. భయపడింది. షిఫ్టు మార్చమని తనూ అడిగిందట. మార్చి దాకా కుదరదన్నారట. “అందాకా ఇవే అమ్మా” అని సంచిలోంచి తన సీసా తీసి చూపించింది. మానేయమని గట్టిగా అనలేకపోయాను. దానికి నిద్ర పట్టించేదేదో ఒకటి కావాలి, నేను ఇవ్వగలిగింది మూడు రోజుల చీకటి గది. నెత్తురు పరీక్ష చేయించుకొమ్మన్నాను. కళ్ళు పచ్చబడినా, ఒంటికి దురద పుట్టినా, తిండి సహించకపోయినా ఆ క్షణమే మానెయ్యమన్నాను. రెండు నెలలు దాటనివ్వద్దని ఒట్టు పెట్టించుకున్నాను. ఆ రాత్రి ఫలక్‌నుమా రైలెక్కించి వచ్చాను. నాకు పంపిన సీసా ఇంకా విప్పకుండా ఫ్రిజ్ మీదే ఉంది.

మీరు గమ్మీలు తింటారో, పొడి తింటారో, కషాయం కాస్తారో మీ ఇష్టం. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం పెన్నేరు జోలికి పోవద్దు. థైరాయిడ్‌కో, షుగరుకో, బీపీకో, నిద్రకో మాత్రలు వేసుకునేవాళ్ళు ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పొట్లం కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. మందులేమైనా వాడుతున్నారా అని ఆయన అడిగినప్పుడు బల్ల మీద పెట్టండి.